బొగ్గు గనుల పక్కన అడవిని కాపాడుకోవడం ఎలా: తొలి సర్వే నుంచి గని మూసేదాకా

మే నెలలో ఒక మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు (పైనుంచి తవ్వే) గని పక్కనున్న ఓబీ గుట్ట, అంటే బొగ్గు మీదున్న మట్టీ రాయీ తీసి పోసిన గుట్ట, ఎక్కి చూడండి. ఇసుకరాయి ముక్కలు కాలి కింద జారుతుంటాయి, చెప్పుల అడుగు కాలుతుంటుంది. చుట్టూ వరసలు వరసలుగా ఆస్ట్రేలియా తుమ్మ, దాని కింద మందంగా పేరుకుపోయిన ఎండుటాకు. ఆ ఆకు తొందరగా కుళ్లదు, దాని కింద గడ్డి మొలవదు. గుట్ట దిగి కిలోమీటరు నడిస్తే నల్లమద్ది, తునికి, ఇప్ప, బిల్లుడు కలిసి పెరిగిన అసలు అడవి తగులుతుంది. ఉపగ్రహ చిత్రంలో రెండూ పచ్చగానే ఉంటాయి, నివేదికల్లో రెండూ హెక్టార్లుగానే నమోదవుతాయి. అయితే అసలు అడవిలో దుప్పి మేస్తుంది, గుట్ట మీద మేయదు. గుట్టను ఆ అడవికి దగ్గరగా తీసుకురావడమే ఈ మార్గదర్శి పని.

ఉదాహరణలన్నీ గోదావరి లోయ బొగ్గు ప్రాంతం నుంచే తీసుకున్నాను. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది. ఇప్పుడు కొత్తగూడెం, భూపాలపల్లి, పెద్దపల్లి, మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాల దాకా గనులు పరచుకున్నాయి. అదే లోయలో కిన్నెరసాని, ఏటూరునాగారం, ప్రాణహిత అభయారణ్యాలు, మొసళ్ల కోసం ప్రకటించిన శివ్వారం, 2012లో పులుల అభయారణ్యంగా మారిన కవ్వాల్ ఉన్నాయి. కవ్వాల్ కోర్ ప్రాంతం సుమారు 892 చదరపు కిలోమీటర్లు, దాని చుట్టూ బఫర్ సుమారు 1,123. మహారాష్ట్రలోని తడోబాలో పుట్టి పెరిగిన పులి కొత్త చోటు వెతుక్కుంటూ కాగజ్‌నగర్ మీదుగా ఇటువైపే వస్తుంది. చలికాలం రాగానే గని దగ్గర పులి అడుగులు కనిపించాయన్న వార్త ఏటా చదువుతూనే ఉంటాం. పులి గని దగ్గరకు రావడం లేదు. అది ఎప్పటి నుంచో నడుస్తున్న దారి మీదకు గనే వచ్చింది.

అటవీ శాఖ బీట్ (చిన్న గస్తీ భాగం) అధికారి, గనిలో పర్యావరణ విభాగం ఇంజినీరు, గ్రామసభ సభ్యుడు, ఈ ముగ్గురిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ముగ్గురికీ పని ఒకటే అయినా ఒకరి కాగితం మరొకరు చదవరు.

మొదటి మెట్టు: ఫైలు తెరిచే ముందు నడవండి

గని ప్రతిపాదన రాగానే మ్యాపు మీద గీత పడుతుంది. ఆ గీత పడకముందే అడవిలో కనీసం రెండు రుతువులు నడవాలి. ఎండాకాలంలో నడిస్తే ఏ చెలమలో చివరిదాకా నీళ్లుంటాయో తెలుస్తుంది, చలికాలంలో నడిస్తే ఏ వాగు ఇసుక మీద ఎవరి అడుగులున్నాయో తెలుస్తుంది. తెల్లవారుజామున, పశువులు దిగకముందే వాగు దగ్గరకు చేరుకోవాలి. ఎనిమిది గంటలు దాటితే గిట్టల కింద ఆధారాలన్నీ చెరిగిపోతాయి.

లెక్కింపుకు దేశమంతా వాడే పద్ధతే ఇక్కడా వాడండి. ప్రతి బీటులో రెండు కిలోమీటర్ల సరళరేఖ గీసి, దాని మీద మూడు వేర్వేరు ఉదయాలు నడిచి, కనిపించిన దుప్పులు, కణుతులు, మనుబోతులు, అడవిపందులు ఎన్నో, ఎంత దూరంలో ఉన్నాయో రాసుకోవాలి. మాంసాహార జంతువుల ఆనవాళ్ల కోసం ఐదు కిలోమీటర్ల కాలిబాటలు వేరుగా నడవాలి. కెమెరాలు రెండు చదరపు కిలోమీటర్లకు ఒక జత చొప్పున, ఎదురెదురుగా కట్టాలి. పులి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు ఒకేలా ఉండవు కాబట్టి రెండు పక్కలా ఫొటో పడితేనే ఫలానా పులి అని చెప్పగలం.

యంత్రాలు చెప్పనిది పశువుల కాపరి చెబుతాడు. కోయ, గోండు, కోలాం, నాయక్‌పోడ్ గూడేల్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి. ఎండాకాలం ఆఖరున పశువులను ఎక్కడ నీళ్లకు తోలుతారు? ఎలుగుబంటి ఏ గుట్ట నుంచి దిగుతుంది? ఇప్పపువ్వుకు ఏ చెట్ల దగ్గరకు వెళతారు? ఏ చోటికి ఒంటరిగా వెళ్లరు? ఈ నాలుగు జవాబులను మ్యాపు మీద గుర్తిస్తే మీ కెమెరాలు ఎక్కడ పెట్టాలో సగం తేలిపోతుంది.

తర్వాత ఈ మ్యాపును గని ప్రణాళిక మీద పరిచి చూడండి. ఈ మెట్టులో అసలు ఫలితం వచ్చేది ఇక్కడే. బొగ్గు ఉన్న చోటే ఉంటుంది, దాన్ని జరపలేం. మట్టి గుట్ట ఎక్కడ పోయాలి, డంపర్లు నడిచే దారి ఎటు తిప్పాలి, బొగ్గు నిల్వ, కార్యాలయం, కరెంటు లైను ఎక్కడ పెట్టాలి అన్నవి మనిషి నిర్ణయించేవే. వాగు మీదకు వచ్చే గుట్టను ఎనిమిది వందల మీటర్లు అవతలికి జరపడానికి తవ్వకం మొదలవక ముందు ఒక గీత చాలు. మొదలయ్యాక కోట్లు పోసినా జరగదు.

రెండో మెట్టు: అనుమతుల్లో ఎక్కడ పట్టుకోవాలి

ఈ భాగం క్లుప్తంగానే చెబుతాను. చట్టాల జాబితా అందరి దగ్గరా ఉంటుంది, ఏది ఎప్పుడు అక్కరకు వస్తుందో తెలియడమే ముఖ్యం.

అటవీ భూమిని గనికి మళ్లించాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. 2023 సవరణతో దీని పేరు వన్ సంరక్షణ్ ఏవం సంవర్ధన్ అధినియమ్‌గా మారింది. అనుమతి రెండు దశల్లో వస్తుంది. మొదటి దశలో షరతులు పెడతారు, అవి తీరాక రెండో దశలో తుది ఆమోదం ఇస్తారు. అడవికీ జంతువులకూ ఏం కావాలో ఆ మొదటి దశ షరతుల్లోకి ఎక్కించాలి. అక్కడ రాయించనిది తర్వాత అడిగితే, అది దయగా ఇచ్చేదవుతుంది. లీజు సరిహద్దు వెంట 7.5 మీటర్ల భద్రతా పట్టీ వదిలి, కంచె వేసి, మొక్కలు పెంచాలన్న షరతు సాధారణంగా ఉంటుంది. అది అమలవుతోందో లేదో టేపు పట్టుకుని కొలిచేవాళ్లు మాత్రం అరుదు. మీరు కొలవండి.

అభయారణ్యం, జాతీయ ఉద్యానం లోపలా, వాటి సరిహద్దు నుంచి కిలోమీటరు దాకా తవ్వకం కుదరదు. ఇది సుప్రీంకోర్టు మాట. 2022లో అన్ని పనులకూ కలిపి ఇచ్చిన ఆదేశాన్ని 2023లో కోర్టే సడలించింది గానీ, గనుల మీద నిషేధాన్ని అలాగే ఉంచింది. పులుల అభయారణ్యాలను కలిపే దారుల్లో భూమి మళ్లించాలంటే వన్యప్రాణి చట్టంలోని 38-ఓ సెక్షన్ ప్రకారం జాతీయ పులుల సంరక్షణ సంస్థ సలహా, జాతీయ వన్యప్రాణి మండలి ఆమోదం కావాలి. దేశంలో ఇలాంటి 32 దారులను 2014లో గుర్తించారు. మీ లీజు వాటి మీద పడుతుందేమో మొదటి రోజే చూసుకోండి.

షెడ్యూల్డ్ ప్రాంతమైతే 1997 నాటి సమతా తీర్పు ఉంది. అనంతగిరి కొండల్లో కాల్సైట్ గనుల మీద మొదలైన ఆ కేసులో, అక్కడి ప్రభుత్వ భూమిని ప్రైవేటు గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ మాటకు ఎంత బరువుందో ఒడిశాలోని నియమగిరి చూపించింది. 2013లో అక్కడ పన్నెండు పల్లెసభలు పెడితే, పన్నెండూ గని వద్దన్నాయి. 2022 నియమాల తర్వాత హక్కుల గుర్తింపు పూర్తయిందని చూసుకునే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వం మీదకు వచ్చింది. గ్రామసభ తీర్మానం తేదీ, కోరం, సంతకాలు సరిగా ఉన్నాయో లేదో ఫైలు కదిలేటప్పుడే చూడాలి.

మూడో మెట్టు: పైమట్టిని బంగారంలా చూసుకోండి

గనిలో అన్నిటికన్నా విలువైనది బొగ్గు అనుకుంటారు. అడవి లెక్కలో మాత్రం పైనున్న జానెడు మట్టి అంతకన్నా విలువైనది. గింజలు, గడ్డి వేళ్లు, వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాలు, చెదలు, వానపాములు అన్నీ అందులోనే ఉంటాయి. దాని కింద వచ్చేదంతా రాయి.

చెట్లు కొట్టిన తర్వాత, డ్రిల్లింగ్ మొదలయ్యే ముందు పైపొరను విడిగా తీయించాలి. నేల తడిగా ఉన్నప్పుడు తీస్తే చక్రాల కింద అట్టకట్టుకుపోతుంది. అందుకని చేతిలో పట్టి నలిపితే పొడిపొడిగా రాలే అదను చూసుకోండి. కింది మట్టితో కలవనివ్వకండి. కుప్పలు తక్కువ ఎత్తులో, వెడల్పుగా పోయించండి. ఎత్తుగా పోస్తే గాలి ఆడక మధ్యలో ప్రాణమంతా చచ్చిపోతుంది. తొలకరిలో కుప్పల మీద జనుమో పిల్లిపెసరో చల్లితే వాన కోతా తగ్గుతుంది, నేలా బతికి ఉంటుంది.

మట్టి బతికుందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల దాకా పోనక్కర్లేదు. ఆరు నెలల కుప్పలో మోచేయి లోతున తవ్వి పిడికెడు మట్టి తీసి వాసన చూడండి. తొలకరి చినుకు పడినప్పటి వాసన వస్తే వాడుకోవచ్చు. మురుగు వాసనో, పుల్లటి వాసనో వస్తే కుప్ప లోపల చచ్చిపోయిందని అర్థం. దాన్ని తిరగేసి, పశువుల ఎరువు కలిపి, ఒక వానాకాలం గడవనివ్వాలి.

అన్నిటికన్నా మంచి పద్ధతి అసలు నిల్వ చేయకపోవడం. ఇవాళ ఇక్కడ తీసిన పైమట్టిని, పని పూర్తయిన గుట్ట మెట్టు మీద ఆ సీజన్‌లోనే పరిపించాలి. దీనికి అటవీ విభాగం, తవ్వకం విభాగం నెలకోసారి కలిసి కూర్చోవాలి. కూర్చోకపోతే ఏమవుతుందో చెబుతాను. పైమట్టి డంపర్ల దారి అంచులు పూడ్చడానికి పోతుంది, రిజిస్టరులో మాత్రం "భద్రపరచబడింది" అని ఉంటుంది. కుప్ప దగ్గర బోర్డు పెట్టించి, ఎంత వచ్చిందో ఎంత వాడారో ఘనపు మీటర్లలో రాయించండి. వచ్చినదానికీ వాడినదానికీ తేడా ఎక్కడికి పోయిందని అడిగే మనిషి ఒకరున్నారని తెలిస్తే సగం దుబారా ఆగిపోతుంది.

నాలుగో మెట్టు: నీటి దారి ముందు, మొక్క తర్వాత

వాలు సరిచేయని గుట్ట మీద నాటిన మొక్క మొదటి పెద్ద వానకే కిందికి కొట్టుకుపోతుంది. గుట్ట మొత్తం వాలు 28 డిగ్రీలు మించకూడదని పర్యావరణ అనుమతుల్లో రాస్తారు. అదే మట్టిని ఊరికే పోసి వదిలేస్తే 37 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. ఈ రెంటి మధ్యనున్న పని బుల్డోజరుది, దానికి డీజిల్ కావాలి. అందుకే అది ఎప్పుడూ వాయిదా పడుతుంటుంది. మెట్లు మెట్లుగా పోయించి, ప్రతి మెట్టూ లోపలివైపు కొద్దిగా వంగేలా చేయించండి. అప్పుడు వాన నీరు అంచు మీంచి దూకకుండా లోపలి కాలువలోకి వెళుతుంది.

గుట్ట పాదం చుట్టూ రాతిగోడ, దాని బయట చుట్టుకాలువ, కాలువ చివర మట్టి దిగే చెరువు ఉండాలి. వాగులోకి వదిలే నీటిలో తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు మించకూడదన్నది బొగ్గు గనుల ప్రమాణం. నెలకోసారి వచ్చే పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండా, జూన్‌లో మొదటి గట్టి వాన పడిన రోజునే ఒక గాజు సీసా తీసుకువెళ్లి చెరువు నుంచి బయటికి వచ్చే నీరు పట్టండి. గంట సేపు కదపకుండా ఉంచాక అడుగున చిటికెనవేలి మందం మట్టి దిగితే ఆ చెరువు పూడిపోయిందన్నమాట. అది వేసవిలోనే పూడిక తీయాల్సిన చెరువు. ఆ మట్టి చేరేది చేపలు గుడ్లు పెట్టే మడుగుల్లోకి, శివ్వారం లాంటి చోట్ల మొసళ్లు బతికే నీళ్లలోకి.

ఐదో మెట్టు: గుట్ట మీద అడవి, వరస తప్పకుండా

గుట్ట మీద మొదటి ఏడాదే టేకు నాటేవాళ్లను చూశాను. రాయి మీద టేకు రెండేళ్లు మూలుగుతుంది, మూడో ఏడు ఎండుతుంది. ప్రకృతి వరస వేరు. ముందు గడ్డి, తర్వాత పొద, తర్వాత గట్టి ప్రాణం ఉన్న చెట్టు, ఆ చెట్టు నీడలో అడవి చెట్టు. మనం చేయగలిగిందల్లా ఆ వరసను కాస్త తొందరపెట్టడమే.

మొదటి వానాకాలంలో వాలు మీద స్టైలో లాంటి పశుగ్రాస విత్తనం, జనుము, జీలుగ చల్లి, కాలువల అంచుల్లో వట్టివేరు నాటండి. రెండో ఏడు రేగు, మోదుగ, కానుగ, చండ్ర, సీతాఫలం, వేప, వెదురు పెట్టండి. మొండి రాయి మీద నిలిచేవి ఇవి, పక్షులను పిలిచేవి కూడా ఇవే. నీడ పడి, ఆకు రాలి, నేల కాస్త నల్లబడ్డాక నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప, నేరేడు, ఉసిరి, మేడి, రావి పెట్టాలి. నారుమడిలో ఈ మొక్కలుండవు, ఎందుకంటే ఎవరూ అడగరు. కనీసం ఏడాది ముందు విత్తనం సేకరించి పెంచమని చెప్పాలి. ఇప్ప గింజ ఎక్కువ కాలం నిలవదు, రాలిన వారాల్లోనే వేయాలి.

ఆస్ట్రేలియా తుమ్మ, సుబాబుల్, జామాయిల్, కోనోకార్పస్ వైపు చూడకండి. తొందరగా పచ్చబడతాయి, ఫొటోలో బాగుంటాయి, జంతువుకు పనికిరావు. ఇప్పటికే ఉన్న తుమ్మ తోటను ఒక్కసారిగా కొట్టేయనవసరం లేదు. మూడు వరసలకు ఒక వరస తీసి, ఆ ఖాళీలో స్థానిక మొక్క పెట్టి, పదేళ్లలో మార్చుకోవచ్చు.

గుంటలు 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతులతో ఏప్రిల్, మే నెలల్లోనే తవ్వాలి. ఎండకు కాగనిచ్చి, పైమట్టి, పశువుల ఎరువు కలిపి జూన్‌లో నింపాలి. నేల లోతుగా తడిశాక, జులైలో నాటాలి. రెండేసి మీటర్ల దూరంలో పెడితే హెక్టారుకు 2,500 మొక్కలవుతాయి. నా సలహా ఏమిటంటే అన్నీ వరసలో పెట్టకుండా గుంపులు గుంపులుగా పెట్టి, మధ్యలో గడ్డి మైదానాలు వదలండి. దుప్పికి మేత, పొదల నీడ రెండూ కావాలి. పెద్ద బండరాళ్ల కుప్పలు అక్కడక్కడ అలాగే ఉంచండి. ఉడుములూ పాములూ ముందు అక్కడికే వస్తాయి. సెప్టెంబరు ఆఖరున లక్ష్యం కోసం నాటే మొక్కల ఖర్చును నేరుగా నష్టం పద్దులో రాసుకోవచ్చు.

గుట్టకు, ఊరి చేలకు మధ్య వైపున మాత్రం పండ్ల చెట్లు దట్టంగా పెట్టకండి. పండుకు వచ్చిన అడవిపంది పక్కనున్న మొక్కజొన్నను వదిలిపెట్టదు. పండ్ల చెట్లు, నీటికుంటలు అడవి వైపు ఉండాలి, చేల వైపు పలచటి గడ్డి పట్టీ ఉండాలి.

గుట్ట అడవిగా మారుతోందని తెలిసే గుర్తు ఒకటుంది. ఆరేడేళ్ల గుట్ట మీద బండ పక్కన ఎండిన ఎలుగుబంటి పెంట కనిపిస్తే కర్రతో విడదీసి చూడండి. అందులో రేగు టెంకలు, తునికి గింజలు, చెదల రెక్కలు ఉంటాయి. మరుసటి ఏడు అదే చోట ఎవరూ నాటని తునికి మొలక రెండాకులు వేస్తుంది. ఆ మొలకలను కూడా లెక్కపెట్టి నివేదికలో విడిగా రాయండి.

ఆరో మెట్టు: జంతువు నడిచే దారి చీకటిగా, తడిగా, నిశ్శబ్దంగా ఉండాలి

మ్యాపులో దారి అంటే ఆకుపచ్చ పట్టీ. పులికి దారి అంటే రాత్రిపూట వాగు గర్భం. వాగుకు ఇరువైపులా చెట్ల పట్టీని ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకండి. గని దీపాలకు పైమూతలు బిగించి, వెలుతురు గనిలోకే పడేలా వంచండి. ఇది చవకైన పని, ఒక వారంలో అయిపోతుంది, ఎవరూ చేయరు.

బ్లాస్టింగ్ పగటిపూట ఒకే సమయానికి జరగనివ్వండి. రోజూ ఒంటిగంటకు వచ్చే చప్పుడుకు జంతువు అలవాటు పడుతుంది, ఎప్పుడు వస్తుందో తెలియని చప్పుడుకు ఆ చోటే వదిలేస్తుంది. బొగ్గు లారీలు అడవి ముక్కల మధ్య పొద్దుగూకిన తర్వాత నడవకుండా చూడాలి. కుదిరితే కన్వేయర్ బెల్టు మేలు. బెల్టును నేల మీద కిలోమీటర్ల కొద్దీ పరిస్తే అది గోడతో సమానం, అందువల్ల వాగులు, జంతు దారులు దాటే చోట్ల స్తంభాల మీద ఎత్తుగా పోనివ్వాలి.

రోడ్డు తప్పనిచోట, దాని కింద జంతువులు దాటే దారుల గురించి మహారాష్ట్రలోని పెంచ్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి మంచి పాఠం. అక్కడ 50 నుంచి 750 మీటర్ల వెడల్పుతో తొమ్మిది నిర్మాణాలు కట్టారు, పులులు, రేచుకుక్కలు, కణుతులు వాటి కింద నడుస్తున్నాయి. ఒక మీటరు గొట్టపు కల్వర్టు పెట్టి దాన్ని జంతు మార్గం అని రాయడం మాత్రం మోసం. కింది దారిలో నీటి ప్రవాహం ఒక పక్కకే ఉండి, మిగతా నేల పొడిగా, మట్టితో ఉండాలి. సిమెంటు వేయకూడదు, దీపం పెట్టకూడదు, లారీ డ్రైవర్లు వంట చేసుకోకూడదు. ఈ మూడో నిబంధన కాపలా లేకుండా నిలవదు.

ఏడో మెట్టు: తీగ

గోదావరి లోయలో పులికి గనికన్నా దగ్గర ప్రమాదం కరెంటు తీగ. అడవిపంది కోసం 11 కేవీ లైను నుంచో, వ్యవసాయ మోటారు లైను నుంచో సన్నటి జీఐ తీగ లాగి, మోకాలి ఎత్తులో కర్రలకు కట్టి, పొద్దుగూకాక కరెంటు ఇస్తారు. ఆ తీగ పులి, ఎలుగు, పశువు, మనిషి అన్న తేడా చూడదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ (మావోయిస్టులను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళం) కానిస్టేబుల్ ఇలాంటి తీగ తగిలి చనిపోయాడు.

గస్తీ ఇలా చేయండి. చలికాలం మొదట్లోనే విద్యుత్ సిబ్బందితో కలిసి అడవి గుండా పోయే ప్రతి లైను వెంట నడవండి. స్తంభం పాదం దగ్గర తాజాగా నరికిన సన్నటి కర్రలు, తీగ రాపిడికి ఊడిన బెరడు, పొడవాటి వెదురు గడ కోసం చూడండి. గడకు కొక్కెం కట్టే కరెంటు తీస్తారు. రాత్రి వేళ సబ్‌స్టేషన్‌లో లైను పదేపదే ట్రిప్పయితే ఆపరేటర్ అటవీ సిబ్బందికి ఫోను చేయాలి. ఈ ఏర్పాటు ఒక చిన్న సమావేశంతో కుదురుతుంది. తీగ కనిపించినా ముట్టుకోకండి, లైను ఆపించాకే తీయించండి. అడవి భాగంలో లైనుకు కవచమున్న కేబుల్ వేయించడం శాశ్వత పరిష్కారం. ఆ ఖర్చును గని తాలూకు వన్యప్రాణి ప్రణాళికలో పెట్టించండి.

ఉచ్చులు వేరే సంగతి. బ్రేకు కేబులుతో చేసిన ఉచ్చు నేల మీద దాదాపు కనిపించదు. నీటికుంటకు దిగే ఇరుకు బాటల్లో, పొదలను కావాలని రెండు పక్కలా అడ్డం పెట్టిన చోట్ల ఆగి చూడాలి. జంతువును ఒకే సందులోంచి పోనివ్వడానికే ఆ అడ్డం.

ఎనిమిదో మెట్టు: ఊరు

పులి ఆవును చంపిన మొదటి ఇరవై నాలుగు గంటల్లో మీరేం చేస్తారన్నదాని మీదే ఆ పులి బతుకు ఆధారపడి ఉంటుంది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో రెండు పులులు చనిపోయాయి. పశువు కళేబరానికి విషం పెట్టారన్న కేసులో అరెస్టులు జరిగాయి. అందుకని కబురు అందిన వెంటనే వెళ్లండి, రైతు ఎదుటే ఫొటోలు, కొలతలు తీసుకోండి, తక్షణ సాయం కొంత ఆ రోజే చేతిలో పెట్టండి. కళేబరం దగ్గర కెమెరా కట్టి, దాన్ని అక్కడే వదిలి కాపలా పెట్టండి. పూడ్చేస్తే పులి మర్నాడు మరో ఆవును పడుతుంది.

నిప్పు విషయంలో గని ప్రాంతంలో రెండు అదనపు చిక్కులున్నాయి. పైకి తేలిన బొగ్గు పొర అంటుకుంటే ఆరదు, బీడు గుట్టల మీది ఎండుగడ్డి గాలికి క్షణాల్లో పాకుతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు, తునికాకు చిగురు కోసమూ నిప్పు పెడతారు. ఒట్టి మాటలతో ఇది ఆగదు. ఇప్పచెట్ల కింద ఆకు ఊడ్చడానికి చీపుర్లు, పరదాలు ఇస్తే చాలామంది నిప్పు జోలికి పోరు. ఫిబ్రవరిలోపు నిప్పుగీతలు శుభ్రం చేయించండి. గని అగ్నిమాపక వాహనం, నీటి ట్యాంకరు అటవీ కబురుకు కదిలేలా లిఖితపూర్వక ఒప్పందం చేసుకోండి.

కార్మికులను మరవకండి. తెల్లవారుజాము షిఫ్టుకు సైకిలు మీద, నడిచి వచ్చేవాళ్లకే ఎలుగుబంటి ఎదురవుతుంది. అడవి భాగంలో షిఫ్టు బస్సు నడపండి. క్యాంటీన్ చెత్తను మూతపెట్టి రోజూ తరలించండి. చెత్త కుప్పకు కుక్కలు వస్తే, కుక్క కోసం చిరుత వస్తుంది.

ఊరిని పక్కన పెట్టి చేసిన సంరక్షణ నిలవదని ఈ మధ్యే చూశాం. కవ్వాల్, తడోబాల మధ్య పులి దారిని కుమురం భీం సంరక్షణ రిజర్వుగా ప్రకటిస్తూ 2025 మే నెలలో ఉత్తర్వు వచ్చింది. ఆదివాసులు తిరగబడ్డారు, జులైలో దాన్ని పక్కన పెట్టారు. పులి పేరుతో తమ పోడు, తునికాకు, పశువుల మేత పోతాయన్న భయం వాళ్లది. గని కోసం భూమి పోగొట్టుకున్నవాళ్లకు అది ఊహ కాదు, అనుభవం. రిజర్వు గీసే ముందే ఏ హక్కులు నిలుస్తాయో గోండీలో, తెలుగులో రాసి గూడెంలో చదివి వినిపించి ఉంటే కథ వేరుగా ఉండేదని నా నమ్మకం.

తొమ్మిదో మెట్టు: డబ్బు ఎక్కడుంది, లెక్క ఎలా పెట్టాలి

డబ్బు లేదన్న మాట గని ప్రాంతంలో నమ్మకండి. మళ్లించిన అడవికి నికర ప్రస్తుత విలువ (ఆ అడవి ఇచ్చే మేలుకు కట్టిన ధర) కింద, చాలా దట్టమైన అడవైతే హెక్టారుకు సుమారు 16 లక్షల రూపాయల దాకా కట్టించుకుంటారు. ప్రత్యామ్నాయ అటవీకరణ సొమ్ముతో పాటు ఇది 2016 చట్టం కింద కంపా నిధికి చేరుతుంది. 2015లో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి ట్రస్టుల డబ్బులో కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, పర్యావరణం వంటి ప్రాధాన్య రంగాలకు పెట్టాలని మార్గదర్శకాల్లోనే ఉంది. పర్యావరణం కింద చెరువు పూడికకో, కవచపు కేబులుకో ప్రతిపాదన పెట్టేవాళ్లు లేకపోతే ఆ డబ్బు సిమెంటు రోడ్డుకు పోతుంది.

అనుమతితో ముడిపెడితే పని ఎలా కదులుతుందో బళ్లారి చూపించింది. ఓబుళాపురం పక్కనే ఉన్న ఆ ఇనుప ఖనిజ గనులను సుప్రీంకోర్టు 2011లో ఆపేసింది. 2013 తీర్పులో ఉల్లంఘన తీవ్రతను బట్టి గనులను మూడు తరగతులు చేసి, చివరి తరగతి లీజులు రద్దు చేసింది. మిగతావి పునరుద్ధరణ ప్రణాళిక ప్రకారం నడిస్తేనే తవ్వుకోనిచ్చింది. కాలువ, చెక్‌డ్యాం, గుట్ట వాలు అన్నీ ఆ ప్రణాళికలో కొలతలతో ఉన్నాయి. ఏళ్ల తరబడి రాసిన లేఖలు చేయలేని పని ఆ ఒక్క ముడి చేసింది.

లెక్క కోసం, పది మీటర్ల చదరాలు గుట్ట మీద అక్కడక్కడ గుర్తించి శాశ్వత రాళ్లు పాతండి. రెండు మీటర్ల దూరంలో నాటితే ఒక్కో చదరంలో పాతిక గుంటలుంటాయి. మొదటి, మూడో, ఐదో ఏళ్లలో అదే చదరంలో బతికినవి, తనంతట మొలిచినవి, జంతు ఆనవాళ్లు రాయండి. ఫొటో ఏటా అదే రాయి మీద నిలబడి, అదే దిక్కుకు తీయండి. ఎన్ని నాటామన్న సంఖ్యను నివేదిక మొదటి పేజీ నుంచి తీసేయండి.

పదో మెట్టు: నేల కుంగిన చోట, గని మూసిన చోట

భూగర్భ గనుల మీది అడవి చూడటానికి చెక్కుచెదరకుండా ఉంటుంది. పైకప్పు కూల్చి తవ్వే పద్ధతిలో కొన్నాళ్లకు నేల కుంగి, పగుళ్లు వస్తాయి. పగుళ్లలో నీరు దిగిపోయి చెలమలు ఎండుతాయి, దూడలూ దుప్పి పిల్లలూ కాళ్లు ఇరుక్కుని చస్తాయి. తవ్వకం కిందుగా సాగుతున్న భాగంలో వానాకాలానికి ముందూ తర్వాతా నడిచి, పగుళ్లను రాయి, బంకమట్టితో పూడ్పించి, కట్టలు వేయించండి. ఇసుకతో ఖాళీలు నింపిన గని మీద ఈ బెడద చాలా తక్కువ. వాగుల కింద ఆ పద్ధతే కావాలని ప్రణాళిక దశలోనే పట్టుబట్టండి.

ఓపెన్‌కాస్టు గని ఆఖరున మిగిలేది పెద్ద గొయ్యి. వీలైనంత మేర ఓబీ మట్టితోనే నింపించాలి, మిగిలిన భాగం చెరువవుతుంది. ఎండాకాలంలో మైళ్ల దూరం నుంచి జంతువులు ఆ నీటికి వస్తాయి. అంచులు నిట్టనిలువుగా ఉంటే దిగిన జంతువు ఎక్కలేక చస్తుంది. అడవి వైపున, నీటి మట్టం తగ్గే కొద్దీ అందేలా, మెల్లగా దిగే వెడల్పాటి వాలు ఒకటి తవ్వించి, దాని మీద మట్టి పరిచి, రెల్లు, గడ్డి పట్టించండి. మిగతా మూడు పక్కలా కందకం, కట్ట, ముళ్లపొద ఉండాలి. ఊరి పశువులకు వేరే వైపు వేరే వాలు ఉండాలి, లేకపోతే పశువుల రోగాలు దుప్పులకు అంటుకుంటాయి, పులి పశువులకు చేరువవుతుంది.

మూసివేత ప్రణాళికలో ఈ వాలుల కొలతలు, చోటు గీతలతో సహా ఉన్నాయో లేదో చూడండి. "నీటి వనరుగా అభివృద్ధి" అన్న ఒక్క వాక్యం ఉంటే ఒప్పుకోకండి. ఆఖరి షావెల్ గొయ్యి వదిలి పైకి ఎక్కక ముందే వాలు తవ్వడం పూర్తవ్వాలి. యంత్రం మరో గనికి వెళ్లిపోయాక దాన్ని తిరిగి తెప్పించడానికి ఏ పద్దులోనూ డబ్బు ఉండదు.